అబిడ్స్‌లో బండికి చోటేది?

"హ్యాండిల్ లాక్ వెయ్యకు బేటా!"

ఆరేళ్లుగా నా ఆఫీసు రోజు ఈ మాటతోనే మొదలయ్యేది. చెప్పేది మా బిల్డింగ్ సెల్లార్‌లో బండ్లు సర్దే చాచా. సెల్లార్‌లోకి దిగే వాలు పక్కన ఓ ప్లాస్టిక్ స్టూల్, దాని మీద ఆయన. మనం బండి ఎక్కడో ఒక చోట ఆపేసి పైకి వెళ్లిపోవచ్చు. లాక్ వేయకపోతే చాలు. వెనక చక్రం రెండు చేతులతో ఎత్తి, అటు జరిపి ఇటు జరిపి, అసలు చోటే లేదనుకున్న సందులో ఇరికించేస్తాడు. నా పేరు ఆయనకు తెలీదు. నా బండి నంబర్లో చివరి రెండంకెలు తెలుసు. "ఎనభై ఏడూ, చాయ్ తాగినవా?" అనేవాడు.

మొన్న జూన్‌లో ఒక సోమవారం వెళ్తే ఆ వాలు దగ్గర స్టూల్ లేదు. చారల కర్ర అడ్డంగా ఉంది. దాని పక్కన మెడలో చిన్న మెషీన్ వేలాడేసుకున్న కుర్రాడు. గోడకు కొత్త ఫ్లెక్సీ. టూవీలర్‌కు రోజుకు 30 రూపాయలు, కారుకు 60. నెల పాస్ టూవీలర్‌కు 600, కారుకు 1,200.

"అన్నా, నేను ఇక్కడ పనిచేసేటోణ్ని. నాలుగో ఫ్లోర్" అన్నా.

"అందరూ ఇక్కడ పనిచేసేటోళ్లే కదన్నా" అన్నాడు. స్కానర్ చూపించాడు. వెనక అప్పటికే నాలుగు హారన్లు. 30 కొట్టి లోపలికి పోయా.

14 కిలోమీటర్లు ఒక లెక్క, చివరి 100 అడుగులు ఒక లెక్క

నేనుండేది బోడుప్పల్. అక్కణ్నుంచి ఉప్పల్, రామంతాపూర్, అంబర్‌పేట, బర్కత్‌పుర, నారాయణగూడ మీదుగా అబిడ్స్ రావాలి. ఎటు లెక్కేసినా 14-15 కిలోమీటర్లు. రానూపోనూ 30. నా బండి లీటరుకు 50 ఇస్తుంది. హైదరాబాద్‌లో పెట్రోల్ 107 దాటాక రోజుకు 65 రూపాయలవుతోంది. దాని మీద ఇప్పుడు పార్కింగ్ 30. అంటే బండి నడిస్తే అయ్యే ఖర్చులో దాదాపు సగం, బండి కదలకుండా నిలబడినందుకు కట్టాలి.

నేను ఓ ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తా. లెక్కలేయడం అలవాటు. ఈ ఏడాది నాకు పెరిగిన జీతం నెలకు 1,000. పాస్ తీసుకుంటే అందులో 600 సెల్లార్‌లోనే దిగిపోతుంది. మా ఆఫీసులో బండి మీద వచ్చేవాళ్లం 14 మందిమి. కారులో వచ్చేది సార్ ఒక్కరే. ఆయన కారుకు స్టిక్కర్ ఇచ్చారు. ఫ్రీ.

దీనిమీద కోపం రావడం తేలిక. నాకూ వచ్చింది. అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గరికి నలుగురం కలిసి వెళ్లాం. ఆయన తిట్టలేదు, కసరలేదు. కూర్చోబెట్టి చెప్పారు. బిల్డింగ్ పాతది. లిఫ్ట్ వారానికి రెండుసార్లు ఆగుతుంది. మెయింటెనెన్స్ సగం ఆఫీసులు కట్టవు. పార్కింగ్ కాంట్రాక్టుకిస్తే నెలనెలా ఓ మొత్తం వస్తుంది, దాంతో లిఫ్ట్ బాగు చేయించారు. నిజమే, ఆ వారం లిఫ్ట్ ఒక్కసారి కూడా ఆగలేదు.

"మరి కార్లకు స్టిక్కర్లు ఇచ్చారు కదండీ?" అని అడిగా.

"కార్లది లీజులో ఉంది బాబూ. మీ బండ్లది కాగితం మీద ఎక్కడైనా ఉంటే చూపించండి, మీకూ ఇస్తా."

ఎక్కడుంటుంది? చేరిన రోజున "బండి కింద పెట్టుకో" అని ఎవరో అన్నారు. పెట్టుకున్నా. ఆరేళ్లు గడిచిపోయాయి. కాగితం సంగతి ఎవరికి గుర్తు?

ఆరు రోజులు బండ్లు, ఒక రోజు పుస్తకాలు

ఆ వారమంతా నేను అబిడ్స్‌ని కొత్తగా చూశా. ఆరేళ్లుగా వస్తున్నా నాకు తెలిసిన అబిడ్స్ మా సెల్లార్, టీ బండి, అన్నం తినే మెస్. అంతే. ఇప్పుడు బండి పెట్టుకోవడానికి చోటు వెతుకుతూ తిరిగితే ఊరు వేరేలా కనిపించింది.

అబిడ్స్ అనే పేరే ఒక దుకాణం నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ పెట్టిన షాపు పేరే ఈ వీధికి మిగిలిపోయింది. అప్పుడు వచ్చేవి గుర్రపు బగ్గీలు. వాటిని ఎక్కడ నిలబెట్టేవారో కానీ, ఇప్పుడు పొద్దున పదిన్నరకి జీపీవో సర్కిల్ దగ్గర నిలబడి చూస్తే రోడ్డుకి రెండు పక్కలా బండ్ల బారులే. ఫుట్‌పాత్ మీద ఒక చక్రం, రోడ్డు మీద ఒక చక్రం.

సోమవారం తెలియక కట్టేశా. మంగళవారం జగదీష్ మార్కెట్ వైపు వెళ్లా. సెల్‌ఫోన్ రిపేర్‌కి హైదరాబాద్ మొత్తం అక్కడికే వస్తుంది కదా. షాపులు తెరవకముందు చోటుంది. మధ్యాహ్నం వచ్చి చూస్తే నా బండి ముందు రెండు, వెనక మూడు బండ్లు. అన్నింటికీ హ్యాండిల్ లాకే. చాచా విలువ అప్పుడు తెలిసింది. అరగంట అక్కడే నిలబడ్డా.

బుధవారం మొజంజాహీ మార్కెట్ దాకా వెళ్లా. 1935 నాటి రాతి కట్టడం. కొన్నేళ్ల కిందట బాగుచేశాక సాయంత్రం దీపాల వెలుగులో ఎంత బాగుంటుందో. కానీ అక్కడ బండి పెట్టి ఆఫీసుకు నడిచేసరికి చొక్కా తడిసిపోయింది.

గురువారం మా ఆఫీసులో ఇంకో కుర్రాడు ధైర్యం చేసి మెయిన్ రోడ్డు మీదే పెట్టాడు. సాయంత్రం వెళ్తే బండి లేదు. క్రేన్ ఎత్తుకెళ్లింది. తప్పు వాడిదే, నో పార్కింగ్ బోర్డు కిందే పెట్టాడు. చలానా, బండి విడిపించుకోవడానికి ఆటో, రెండు గంటల సమయం. "ముప్పై కోసం చూసుకుంటే మూడు వారాల పార్కింగ్ పోయిందిరా" అన్నాడు.

శుక్రవారం నాంపల్లి వైపు చూశా. అక్కడ మెట్రో స్టేషన్ దగ్గర బండ్లను యంత్రాలతో పై అంతస్తులకు ఎక్కించే పెద్ద పార్కింగ్ భవనం కట్టారు. ఊరికి అలాంటివి కావాల్సిందే. కానీ రోజూ ఆఫీసుకొచ్చే మనిషికి అది మా బిల్డింగ్‌కు బదులు కాదు. అక్కడ పెట్టి, ట్రాఫిక్ దాటుకుంటూ నడిచి, మళ్లీ సాయంత్రం అంతే నడవాలి.

శనివారం మళ్లీ 30 కట్టేశా. ఆదివారం ఊరికే వచ్చా, పాత పుస్తకాల కోసం. మీకు తెలిసే ఉంటుంది, ఆదివారం షాపులు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. నేను గురువారం చూసిన ఫుట్‌పాతే అది. మా వాడి బండి పోయిన చోటుకు పది అడుగుల దూరంలో పోటీ పరీక్షల పుస్తకాలు, పాత నవలలు కుప్పలుగా ఉన్నాయి. ఆరు రోజులు బండ్లు, ఒక రోజు పుస్తకాలు. ఏ షాపు ముందు ఎవరు పరుచుకోవాలో అక్కడ అందరికీ తెలుసు. మా సెల్లార్‌లాగే, నోటిమాట మీద నడిచే ఏర్పాటు. నడిచినన్నాళ్లు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఎవరైనా వచ్చి "కాగితం చూపించు" అన్న రోజున చేతిలో ఏమీ ఉండదు.

మెట్రో ఎక్కొచ్చు కదా?

ఇంట్లో ఇదే అడిగారు. మీకూ అదే అనిపిస్తుంది. ఎక్కి చూశా.

ఉప్పల్ నుంచి అబిడ్స్‌కు నేరుగా మెట్రో లేదు. బ్లూ లైన్‌లో పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లి, దిగి, గ్రీన్ లైన్ ఎక్కి సుల్తాన్ బజార్‌లో దిగాలి. లేదా అమీర్‌పేట దాకా వెళ్లి రెడ్ లైన్‌లో వెనక్కి నాంపల్లి రావాలి. తూర్పున ఉన్నవాడు దక్షిణానికి రావడానికి ముందు ఉత్తరానికో, పడమరకో వెళ్లాలన్నమాట. ఏసీ చల్లగా ఉంది, కాదనను. ఫోన్‌లో ఒక ఎపిసోడ్ కూడా చూసేశా. కానీ బోడుప్పల్ నుంచి స్టేషన్‌కు రావాలంటే మళ్లీ బండే. ఆ బండి స్టేషన్ దగ్గర పెట్టాలి.

అక్కడా ఇదే కథ. 2024 ఆగస్టులో నాగోలు మెట్రో స్టేషన్ దగ్గర ఉచిత పార్కింగ్ తీసేస్తున్నామన్నప్పుడు ప్రయాణికులు రోడ్డెక్కారు. ధర్నా జరిగింది, వార్తలు చూసే ఉంటారు. కొన్నాళ్లు ఆగి, అదే ఏడాది అక్టోబర్‌లో ఫీజు మొదలుపెట్టారు. బండి ఇంట్లో వదిలి మెట్రో ఎక్కమని చెప్పేదీ మనకే, స్టేషన్ దాకా తెచ్చుకున్న బండికి ఫీజు పడేదీ మనకే.

మా ఆఫీసులో రామంతాపూర్ నుంచి వచ్చే అక్క వేరే దారి చూసుకుంది. స్కూటీ ఇంట్లో పెట్టేసి బస్సెక్కింది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో జీరో టికెట్ కదా. కోఠిలో దిగి ట్రూప్ బజార్ మీదుగా నడిచొస్తోంది. "పెట్రోలూ మిగిలింది, పార్కింగూ మిగిలింది" అని మొదటి వారం సంతోషంగానే చెప్పింది. తర్వాత నెల 20వ తారీఖు వచ్చింది. జీఎస్టీ రిటర్నుల చివరి రోజు. ఆ రోజు మా ఆఫీసులో ఎవరూ తొమ్మిదిలోపు లేవరు. స్కూటీ ఉన్నప్పుడు తను లేచి తాళం తీసుకుని వెళ్లిపోయేది. ఇప్పుడు ఏడున్నర నుంచే గడియారం చూడటం మొదలుపెట్టింది. ఆ రాత్రి కోఠి బస్టాప్ దాకా మేమిద్దరం తోడు వెళ్లాం. మర్నాడు ఎవరితోనూ ఏమీ అనకుండా 600 కట్టి పాస్ తెచ్చుకుంది.

ఉచిత పార్కింగ్ పోవడం అంటే డబ్బు సంగతే అనుకున్నా అప్పటిదాకా. తనకు అది ఇంటికి ఎప్పుడు బయల్దేరాలో తనే తేల్చుకునే స్వేచ్ఛ.

నా దగ్గర బిల్లు లేదు

ఈ గొడవలో కూర్చుని జీవోలు చదివా. ఇది మీకూ పనికొస్తుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం 63 నంబరు జీవో ఇచ్చింది. మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో పార్కింగ్ ఫీజుల గురించి. ఆ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మొదటి 30 నిమిషాలు ఎవరికైనా ఉచితం. అరగంట నుంచి గంట వరకు, లోపల ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే, బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉంటే ఉచితం.

మంచి జీవో. సినిమాకెళ్లినప్పుడు నేనూ చాలాసార్లు వాడుకున్నా. కానీ ఇంకోసారి చదవండి. ఇదంతా కొనడానికి వచ్చినవాళ్ల గురించి. షాపులో పాప్‌కార్న్ కొన్న మనిషికి బిల్లుంటుంది. అదే షాపులో ఆ పాప్‌కార్న్ అమ్మే కుర్రాడికి? తొమ్మిది గంటలు నిలబడి పనిచేసినందుకు బిల్లెవరిస్తారు? నాలుగో ఫ్లోర్‌లో వంద మంది రిటర్నులు వేసే నాకు బిల్లెవరిస్తారు?

బిల్డింగ్ కట్టడానికి ఉన్న నిబంధనలూ చూశా. 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 168 నంబరు జీవో. కట్టిన వైశాల్యంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలి అని ఉంటుంది. ఎందుకు వదలాలి? లోపల పనిచేసేవాళ్లూ, లోపలికి వచ్చేవాళ్లూ బండ్లు రోడ్డు మీద పెట్టకుండా. ఆ చోటుకు ధర ఎక్కువైతే బండ్లన్నీ మళ్లీ రోడ్డు మీదికే వస్తాయి. జీపీవో సర్కిల్ దగ్గర నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

30 నిమిషాల సంగతి మాత్రం వృథా పోలేదు. మెషీన్ కుర్రాడికి జీవో ఫోన్‌లో చూపించా. వాడూ జీతగాడే పాపం, వాడేం చేస్తాడు? కాంట్రాక్టర్‌కు పంపాడు. రెండు రోజుల తర్వాత ఫ్లెక్సీ కింద చిన్న కాగితం అతికించారు. "మొదటి అరగంట ఉచితం" అని. కాగితాలిచ్చి పోయే కొరియర్ వాళ్లు, టిఫిన్ తెచ్చే డెలివరీ కుర్రాళ్లు ఇప్పుడు 30 కట్టక్కర్లేదు. నాకు మాత్రం పైసా తగ్గలేదు.

8 అడుగులు, 16 అడుగులు

"కాగితం మీద ఉంటే చూపించండి." సెక్రటరీ గారి ఈ మాట నన్ను వదల్లేదు.

అద్దె మీద టీడీఎస్ లెక్క చూసేది నేనే కాబట్టి మా ఆఫీసు లీజు అగ్రిమెంటు నా బీరువాలోనే ఉంది. ఆరేళ్లలో అందులో నేను చూసింది అద్దె అంకె ఒక్కటే. ఈసారి మొత్తం చదివా. టూవీలర్ అనే మాటే లేదు. కానీ ఏడో పేజీలో ఒక లైను. అద్దెదారుకు రెండు కార్ల పార్కింగ్ స్థలాలు, అదనపు చెల్లింపు లేకుండా.

రెండు. సార్‌కు ఉన్నది ఒక కారు.

మధ్యాహ్నం టేపు పట్టుకుని కిందికి దిగా. కారుకు గీసిన గీతలు 8 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. నా బండి రెండున్నర అడుగులు, ఏడు అడుగులు. మూడేసి చొప్పున రెండు వరసలు. ఆరు బండ్లు. పాస్ లెక్కన ఒక కారు ఇచ్చేది 1,200. అదే చోటులో ఆరు బండ్లు ఇచ్చేది 3,600. కారులో వచ్చేవాళ్ల కంటే మూడింతలు కడుతున్నది మేమేనన్నమాట!

సార్ దగ్గరికి వెళ్లేటప్పుడు నిజం చెప్పొద్దూ, కాస్త భయమేసింది. "మనకు రాసిచ్చిన రెండో స్థలం ఖాళీగా ఉంది సార్. స్టాఫ్ బండ్లు పెట్టుకుంటాం" అన్నా. ఆయన పేజీ చూశారు. "క్లయింట్లు వస్తే?" అన్నారు. "క్లయింట్లకు అరగంట ఫ్రీ సార్, జీవో ఉంది" అన్నా. నవ్వారు. "జీవోలు ఇంత శ్రద్ధగా జీఎస్టీవి కూడా చదివితే బాగుండు" అని, అసోసియేషన్‌కు ఉత్తరం రాయమన్నారు. నేనే టైపు చేశా. సెక్రటరీ గారు మాట తప్పలేదు. కాగితం చూసి ఆరు స్టిక్కర్లు ఇచ్చారు.

బండ్లు 14. స్టిక్కర్లు 6. రామంతాపూర్ అక్కకు ఒకటి శాశ్వతంగా ఇచ్చేశాం. ఎవరూ కాదనలేదు. మిగిలిన ఐదు మాలో 13 మందికి వంతులవారీగా. నా వంతు మంగళవారం, శుక్రవారం. మిగతా రోజుల్లో ఒక్కోసారి 30 కడతా, ఒక్కోసారి రామంతాపూర్ దాకా నా బండి, అక్కణ్నుంచి ఇంకొకరి వెనక. ఇది గెలుపు అనను. ఎనిమిది మంది ఇంకా బయటే ఉన్నారు. పై ఫ్లోర్‌లో చిన్న ఆఫీసుల వాళ్లకైతే లీజులో ఒక్క కారు స్థలం కూడా రాసి లేదు.

అందుకే చెప్తున్నా. మీరు పనిచేసే బిల్డింగ్‌లో ఇవాళ బండి ఫ్రీగా పెడుతుంటే, అది ఏ కాగితం మీద ఉందో ఒకసారి అడగండి. ఆఫీసు లీజు కొత్తగా రాసుకునేటప్పుడు "ఇన్ని టూవీలర్లు" అని ఒక్క లైను చేర్చమనండి. అద్దె పెరగదు, రాయడానికి నిమిషం పడుతుంది. కర్ర అడ్డం పడ్డాక అడిగితే ఆలస్యమే.

చాచా సంగతి చెప్పలేదు కదూ? కాంట్రాక్టు వాళ్లకు ఆయన అక్కర్లేదు. మెషీన్ ఉంది. ఆయన్ని లిఫ్ట్ దగ్గర కూర్చోబెట్టారు. జీతం అంతే. కానీ రంజాన్‌కూ, దసరాకూ బండ్ల వాళ్లు చేతిలో పెట్టే డబ్బులు ఇక రావు. మధ్యాహ్నం ఎవరో ఒకరు తాగించే చాయ్ కూడా.

మొదటి మంగళవారం స్టిక్కర్ అంటించుకుని దిగా. 8 బై 16లో నాలుగు బండ్లకే చోటు నిండిపోయింది. టేపు లెక్క వేరు, మనం పెట్టే తీరు వేరు. ఐదోవాణ్ని నేను, నా వెనక అక్క స్కూటీ. ఏం చేయాలో తెలీక నిలబడితే, లిఫ్ట్ దగ్గర్నుంచి చాచా మెల్లగా దిగొచ్చాడు. ఒక్కొక్క బండీ వెనక చక్రం ఎత్తి జరిపాడు. ఆరూ పట్టాయి. ఇంకో సైకిల్‌కి కూడా చోటు మిగిలింది.

"చాయ్ తాగినవా, ఎనభై ఏడూ?" అన్నాడు.

తాగలేదన్నా. ఇద్దరం టీ బండి దగ్గరికి నడిచాం. హ్యాండిల్ లాక్ వేయలేదు.